ఇరవై నట్లకు పంతొమ్మిది సున్నపు గీతలు

మా కళాశాలలో ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే నేను ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి: "జరిగిన రోజునే రాసి పెట్టుకున్నారా?" చాలా కథలు అక్కడితో ఆగిపోయేవి. చెప్పిన ప్రతిసారీ కొంచెం పెరిగే సంగతిని కాగితం పెరగనివ్వదు. దెయ్యాన్ని చూశామన్నవారు నాకు ఎందరో తగిలారు గాని, చూసిన రోజున రాసుకున్నవారు ఒక్కరూ తగల్లేదు.

నేను గుంటూరులో ముప్పై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం బోధించాను. మా నాన్నగారు మిషన్ బడిలో ఉపాధ్యాయులు, సంఘ పెద్ద. చనిపోయినవారు దేవుని దగ్గర ఉంటారు గాని పొలం గట్ల మీద తిరగరని ఆయన సిద్ధాంతం. కొలవడానికి వీలులేని దాని గురించి మాట్లాడకపోవడం నా సిద్ధాంతం. ఆ విధంగా మా ఇంట్లో దెయ్యానికి మతం వైపు నుంచీ, సైన్సు వైపు నుంచీ కూడా తలుపు మూసే ఉండేది. ఈ వయసులోనూ నా అభిప్రాయం మారలేదు. ఇక్కడ రాస్తున్నది అభిప్రాయం కాదు. వారం వారం అప్పటికప్పుడు రాసి పెట్టుకున్న విషయాలు.

అరవయ్యో దశకం తొలి సంవత్సరాల సంగతి. అప్పటికి ప్రకాశం జిల్లా ఏర్పడలేదు. ఒంగోలు దాకా అంతా గుంటూరు జిల్లాయే. మార్టూరుకు పడమరగా ఉన్న ఒక ఊళ్ళో మా అక్కయ్య చిన్న ఆసుపత్రి పెట్టుకుని ఉండేది. మద్రాసులో డాక్టరు చదువు చదివింది. పెళ్ళి చేసుకోలేదు. చుట్టుపక్కల పాతిక ఊళ్ళకు ఆడ డాక్టరు ఆమె ఒక్కతే.

కాన్పు కష్టమై, మంత్రసాని ఇక తనవల్ల కాదన్నాకనే అక్కయ్యకు కబురు వచ్చేది. అప్పటికే ఒక పూట గడిచిపోయి ఉండేది. ఆ వచ్చిన ఎద్దుల బండి ఆమెను ఎక్కించుకుని రేగడి దారిలో తిరిగి చేరేసరికి మరో పూట. ఆ రెండో పూటలో పోయిన ప్రాణాలను ఆమె మరిచిపోలేకపోయేది. అందుకే కారు కొన్నది.

కొత్త కారు మాకు అందేది కాదు. మా ప్రాంతంలో ఆకు కొనే ఒక పొగాకు కంపెనీ తన అధికారులు తిరిగే కార్లను కొన్నేళ్ళు వాడి అమ్మేసేది. అలాంటి వాటిలో ఒక నల్ల కారును తీసుకున్నాం. తోలడం అక్కయ్యకు మద్రాసులోనే వచ్చు. బాగోగులు నా వంతు. కారు ఇంటికి వచ్చిన రోజున ఆమె తాళంచెవి నా చేతిలో పెట్టి అన్నది:

"చూడరా, దారిలో ఈ బండి ఆగిందంటే అక్కడెక్కడో ఒక మనిషి ఆగిపోయినట్టే. నేను వైద్యానికి పూచీ పడతాను. చక్రాలకు నువ్వు పూచీ పడు."

నేను ఒప్పుకున్నాను. ప్రతి శనివారం కళాశాల కాగానే బస్సెక్కి అక్కయ్య ఊరు చేరేవాణ్ణి. ఆదివారం పొద్దున ఆమె చర్చికి బయలుదేరే వేళకు నేను పాత గోనె పట్టా పరచుకుని కారు కిందికి దూరేవాణ్ణి.

"ఊరంతా అక్కడ మోకరిస్తే నువ్విక్కడ మోకరిస్తావు. పాస్టరుగారు అడిగితే ఏం చెప్పమంటావురా?"

"కారు కింద ధ్యానంలో ఉన్నాడని చెప్పు."

కంపెనీవారు ఇచ్చిన సర్వీసు కాగితాల్లో ప్రతి భాగానికి ఎదురుగా 'బాగున్నది' అని రాసి ఉంది. బాగున్నది అనేది కొలత కాదు. అందుకని నేను ఒక నోటుపుస్తకం పెట్టి ప్రతిదీ మొదటి నుంచి కొలవడం ప్రారంభించాను: టైర్ల అరుగుదల, బ్రేకు నడక, నూనె మట్టం. బ్యాటరీలో పోసే నీటిని మా కళాశాల ప్రయోగశాలలో నేనే ఆవిరి పట్టి శుద్ధిచేసి సీసాల్లో తెచ్చేవాణ్ణి. మా నేల మీద కారును బతికించడం ఏ పుస్తకంలోనూ లేని విద్య. పత్తి తీసే రోజుల్లో బండ్ల నుంచి రాలిన దూది రేడియేటరు రేకుల్లో ఇరుక్కుని ఇంజను మరిగిపోయేది. దానికి ముందు భాగంలో పాత దోమతెర గుడ్డ కట్టాను. మిరప కల్లాల పక్క నుంచి వచ్చిన మర్నాడు బానెట్టు ఎత్తితే తుమ్ములు ఆగేవి కావు. వానాకాలంలో రేగడి మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య ఇటుకలా బిగుసుకునేది. దాన్ని కొడవలితో గీకి తీసేవాణ్ణి.

మొదటి ఆదివారమే నా కంటికి చక్రాల మీద తెల్లని గీతలు కనిపించాయి. కారుకు నాలుగు చక్రాలు, చక్రానికి ఐదు నట్లు. ఇరవై నట్ల మీదా, నట్టు నుంచి చక్రం రేకు మీదికి సాగేటట్టు, వేలితో గీసిన పొట్టి గీత. సున్నం.

చిలకలూరిపేటలో ఖాసిం అనే మేస్త్రీ ఉండేవాడు. అంతకు ముందు కంపెనీ షెడ్డులో పనిచేసినవాడు. పెద్ద పని వస్తే అతని దగ్గరికి తీసుకువెళ్ళేవాళ్ళం. అతన్ని అడిగాను.

"అది మస్తాన్ చెయ్యి మాస్టారూ," అన్నాడు. "ఈ బండి తోలినాయన. పొద్దున్నే పానాతో ఒక్కో నట్టూ చూస్తాడు. చూసినాక వేలికున్న సున్నంతో గీత గీస్తాడు. నట్టు సడలి తిరిగిందనుకోండి, గీత విరిగిపోద్ది. దూరాన్నించే కనపడిపోద్ది. కనపడాలనే చక్రాలకి మూతలు గూడా పీకేయించాడు."

"సున్నం ఎందుకు?"

"ఆకు వేసుకుంటాడు గదండీ. ఇరవై నట్లూ అయ్యేదాకా పొద్దుటి తొలి ఆకు నోట్లో పెట్టేవాడు కాదు. షెడ్డులో కుర్రాళ్ళు, ఏం తాతా ఇయ్యాళ పెళ్ళికూతుర్ని ముస్తాబు చేశావా అని ఏడిపించేవాళ్ళు. నవ్వేవాడు. మానేవాడు కాదు."

మస్తాన్‌కు ఆ అలవాటు రావడానికి కారణం ఉంది. అంతకు ముందు అతను తోలిన కారుకు ఒకసారి చక్రం ఊడింది. ఊడిన చక్రం రోడ్డు పక్కన మిరపకాయలు తలకెత్తుకుని పోతున్న ఒక ఆడమనిషికి తగిలింది. ఆమె బతకలేదు. కంపెనీ అతన్ని తప్పు పట్టలేదట. అతనే పట్టుకున్నాడు.

మస్తాన్ ఏమయ్యాడని అడిగాను. మేము కారు కొనడానికి ఆరు నెలల ముందు జ్వరంతో తన ఇంట్లో, తన మంచం మీద పోయాడని ఖాసిం చెప్పాడు. కారులో కాదు, ప్రమాదంలో కాదు. ఈ వివరాన్ని నేను ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఆ పద్ధతి నాకు నచ్చింది. అక్షరం రాని మనిషి ఒక సూచికను తయారుచేసుకున్నాడు. అయితే అంతకంటే మెరుగైన పద్ధతి నా దగ్గర ఉందనుకున్నాను. కిరసనాయిలుతో, తీగల బ్రష్‌తో పాత సున్నమంతా గీకి, చక్రాలకు కొత్త రంగు వేశాను. నట్టు సడలిందో లేదో గీత చూసి ఊహించడం దేనికి, పానా వేసి బిగించి చూస్తే సరిపోతుంది కదా! పానా పిడికి మూరెడు ఇనుప గొట్టం తొడిగి, ప్రతి ఆదివారం ఇరవై నట్లనూ నా బరువంతా వేసి లాగేవాణ్ణి. ఏ కొంచెమైనా కదిలిందంటే ఆ కదిలినంత మేర అది సడలి ఉందని నా లెక్క.

ఖాసిం ఒకసారి అది చూశాడు. "గొట్టం తీసేయండి మాస్టారూ. బిగించడం వేరు, బిగువు చూడటం వేరు. మస్తాన్ చూసేవాడు. అంతే."

చదువు లేనివాళ్ళకు బిగువంటే భయమని మనసులో అనుకున్నాను. గొట్టం తీయలేదు.

నాలుగు నెలలు గడిచాయి. వేసవి వచ్చింది. ఒక ఆదివారం షెడ్డు తలుపు తీసేసరికి కారు నాలుగు చక్రాల మీదా, ఇరవై నట్లకూ, తెల్లని గీతలున్నాయి.

అక్కయ్య గీసిందనుకున్నాను. అక్కయ్య నేను గీశాననుకుంది. ఇద్దరమూ కాదని తేలాక నాకు ఆయా మరియమ్మ మీద అనుమానం వచ్చింది. ఆసుపత్రి వెనక గదిలో ఉండే ముసలామె. ఇంటి మొత్తానికి తమలపాకులు నమిలేది ఆమె ఒక్కతే. సూటిగా అడిగాను.

ఆమె ఉతుకుతున్న గుడ్డ పక్కన పడేసింది. "పొద్దున లేచి పురిటి గుడ్డలుతకడానికే నా నడుం విరిగిపోతంది. మీ బండి చక్రాలకి బొట్లు పెట్టే తీరిక నాకెక్కడిదయ్యా? అంత ముచ్చటైతే నువ్వే పెట్టుకో, గాజులు గూడా తొడుగు!"

గీతలు తుడిచేశాను. మరుసటి ఆదివారం మళ్ళీ ఉన్నాయి.

ఇక్కడి నుంచి నేను చేసిన పరిశీలనలు చెబుతాను. కళాశాల ప్రయోగశాల నుంచి కొత్త తాళం ఒకటి తెచ్చాను. దాని రెండు చెవులూ నా జేబులోనే ఉండేవి. శనివారం సాయంత్రం నేను రాగానే గీతలన్నీ తుడిచి, షెడ్డుకు ఆ తాళం వేసి, నేల మీద జల్లెడతో బూడిద పరిచేవాణ్ణి. ఆదివారం ఉదయం వెలుతురు బాగా వచ్చాక నేనే తాళం తీసేవాణ్ణి. బూడిద మీద ఎలుకల అడుగులు, ఒకసారి తొండ తోక ఈడ్చిన గుర్తు కనిపించాయి. మనిషి అడుగు కనిపించలేదు. ఇరవై నట్లకూ గీతలు ఉన్నాయి. తలుపు కింద నాలుగు వేళ్ళ సందు ఉండేది. అందులోంచి చెయ్యి దూరుతుంది గాని, దగ్గర్లో ఉన్న చక్రం కూడా ఆ చేతికి అందదు. నేనే పడుకుని ప్రయత్నించి చూశాను.

తరవాత గీతలను పరీక్షించాను. తడి సున్నానికి ఫినాఫ్తలీన్ చుక్క తగిలితే గులాబి రంగు వస్తుంది. గాలి తగిలేకొద్దీ సున్నం సుద్దగా మారుతుంది, రంగు పాలిపోతుంది. ప్రయోగశాలలో ఇనుప రేకు మీద నేను గీసిన పలుచని గీత మొదటిరోజు ముదురు రంగు ఇచ్చింది, మర్నాడు లేత రంగు ఇచ్చింది, నాలుగోరోజుకు దాదాపు ఏమీ ఇవ్వలేదు. చక్రాల మీది గీతలు ఆదివారం ఉదయం ముదురు గులాబి రంగు ఇచ్చాయి. అంటే అవి గీసి పూట కన్నా ఎక్కువ కాలేదు. ఆ పూటంతా తాళంచెవులు నా జేబులో ఉన్నాయి.

మరియమ్మ కూతురి కాన్పుకని మూడు వారాలు తిమ్మసముద్రం వెళ్ళింది. ఆ మూడు వారాలూ గీతలు వచ్చాయి. నేను నిద్రలో లేచి తిరుగుతున్నానేమోనని కూడా ఆలోచించాను. ఒక శనివారం రాలేకపోయాను. ఆ సాయంత్రం తానే గీతలు తుడిచినా, ఆదివారం మళ్ళీ ఉన్నాయని అక్కయ్య ఉత్తరం రాసింది.

అక్కయ్య దీన్ని తీసుకున్న తీరు వేరు. "ఎవరు గీస్తేనేంరా? మనకన్నా శ్రద్ధగా చూస్తున్నారుగా," అనేది. రానురాను ఆదివారం చర్చి నుంచి రాగానే ఆమె మొదటి ప్రశ్న అదే అయింది: "ఈ వారం ఉన్నాయా?" ఉన్నాయంటే ఆమె ముఖం తేటపడేది. డాక్టరు చదువు చదివిన మనిషి ఇలా మారడం నాకు చికాకుగా ఉండేది. అందుకే తరవాతి సంగతి ఆమెకు చెప్పలేదు.

వానాకాలం ముగిసే రోజుల్లో ఒక ఆదివారం గీతలు పంతొమ్మిదే ఉన్నాయి.

ఎడమ వైపు వెనక చక్రం మీద, గాలి కొట్టే వాల్వుకు కుడివైపు రెండో నట్టుకు గీత లేదు. గీసి చెరిపిన జాడ కూడా లేదు. పానా వేసి లాగాను. గట్టిగా ఉంది. ఆ నట్టుకే ఇంకొంచెం బలం వేశాను. గీసేవాడు మరిచిపోయాడని నిర్ణయించి, నా సిద్ధాంతానికి ఇది బలమేనని సంతోషించాను. మరుపు మనుషులకే ఉంటుంది.

"ఉన్నాయా?" అని అక్కయ్య అడిగింది.

"ఉన్నాయి," అన్నాను. అబద్ధం కాదు. పంతొమ్మిది ఉన్నాయి.

మరుసటి ఆదివారమూ ఆ ఒక్క నట్టే ఖాళీగా ఉంది. మళ్ళీ బిగించాను. ఖాళీ నట్టు ఉందంటే ఆమె బండి ఎక్కడానికి జంకుతుందని, ఒక సున్నపు మరక కోసం ఒక రోగి దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చేస్తుందని నా భయం. "ఉన్నాయి," అని మళ్ళీ అన్నాను.

మూడో ఆదివారం అదే నట్టు. ఆ రోజు నాకు విసుగు పుట్టింది. ఈ ఆటకు ముగింపు పలకాలని ఇరవై నట్లనూ కిరసనాయిలు గుడ్డతో శుభ్రంగా తుడిచాను. తరవాత గొట్టం తొడిగిన పానాతో ఆ ఖాళీ నట్టును లాగాను. అది పావు చుట్టు తిరిగింది. బిగువు ఎక్కకుండా, మెత్తగా తిరిగింది. ఇనుము అలా లొంగిందంటే బిగిసినట్టు కాదు, లోపల సాగిపోతున్నట్టు అని నేను ప్రతి ఏడూ తరగతిలో నల్లబల్ల మీద బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. అప్పుడు మాత్రం నాకు తట్టిందల్లా, ఇది ఇన్నాళ్ళూ సడలి ఉందన్నమాట, ఇప్పుడు బిగిసింది, అన్నదే. నోటుపుస్తకంలోనూ అలాగే రాశాను.

చేతులు కడుక్కుంటుండగా ఒకతను సైకిలు మీద వచ్చాడు. పంచె మోకాళ్ళ దాకా బురద. పేరు కోటయ్య. ఊరు ఆరు మైళ్ళు.

"అమ్మా, నిన్న పొద్దుట్నించీ నెప్పులండి. బిడ్డ అడ్డం తిరిగిందంటంది మంత్రసాని. మీరు రాకపోతే నాకింకెవరూ లేరండి."

అక్కయ్య చర్చి చీరతోనే సంచీ అందుకుంది. "బండెట్లా ఉందిరా?"

"ఇప్పుడే అన్నీ బిగించాను. నిశ్చింతగా ఎక్కు."

నేనూ వెళ్ళాను. దారి చూపడానికి కోటయ్య ముందు కూర్చున్నాడు. వెనక సీటులో నేను ఎడమ పక్కన కూర్చున్నాను. వానలు వెలిసి వారం అయింది. రేగడి పైన ఎండి, లోపల మెత్తగా ఉంది. కోటయ్య ఊరికే మాట్లాడుతున్నాడు. భార్య పేరు వెంకాయమ్మట. తొలి కాన్పట. పోయిన ఏడు పత్తి బాగా పండిందట, ఈసారి పురుగు పట్టిందట. అక్కయ్య "ఊఁ" కొడుతూ, దారి మీదనే కళ్ళు పెట్టి తోలుతోంది.

నాలుగో మైలు దగ్గర ఒక వాగు మీది చప్టా దాటి గట్టెక్కుతుండగా నా కింద టప్పుమని ఒక చప్పుడైంది. వెంటనే మరో రెండు. నా వైపు నేల కుంగిపోయింది. మా చక్రం మమ్మల్ని దాటుకుని మిరప తోటలోకి దొర్లుకుంటూ పోవడం నేను కిటికీలోంచి చూశాను. కారు ఎడమకు ఒరిగి కందకంలో పడింది.

నాకు, కోటయ్యకు గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. స్టీరింగు గిర్రున తిరిగి అక్కయ్య కుడి మణికట్టు విరిచింది. ఆమె ఒక్కసారి అరిచింది. తరవాత ఎడమ చేత్తో పైట చెంగు చింపి నాకిచ్చి, ఎలా కట్టాలో చెప్పి కట్టించుకుంది.

కోటయ్య సంచీ నెత్తికెత్తుకున్నాడు. "లేవండమ్మా. దగ్గరేనండి. నడుద్దారండమ్మా."

రెండు మైళ్ళు. రేగడి పాదానికి పట్టి, అడుగు అడుగుకూ కాలు బరువెక్కుతుంది. అక్కయ్య రెండుసార్లు పడింది. ప్రసవం చెయ్యాల్సిన చెయ్యి వేలాడుతోంది. నేను చేస్తాను, నువ్వు నోటితో చెప్పు, అని నేనన్నాను. ఆమె తల ఊపింది. నడుస్తూనే నాకు ఏ చెయ్యి ఎలా పెట్టాలో, ఎటు తిప్పాలో చెప్పడం మొదలుపెట్టింది. నేను తిరిగి అప్పజెప్పాను.

ఊరు అర మైలు ఉండగానే ఏడుపు వినిపించింది. కోటయ్య ఆగలేదు. సంచీ దించలేదు. నడక వేగం కూడా మారలేదు. ఇంటి ముందు చేరాక సంచీని అరుగు మీద జాగ్రత్తగా పెట్టి, లోపలికి పోయాడు. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయి అప్పటికి ఎక్కువసేపు కాలేదని మంత్రసాని చెప్పింది.

తిరిగి రావడానికి బండి కట్టించింది కోటయ్యే. నా వంక చూసి అన్నాడు: "చదువుకున్నోళ్ళు గదండీ. ఓసారి చూసుకోవాల్సింది."

మర్నాడు ఖాసింను వెంటబెట్టుకుని వెళ్ళి చక్రాన్నీ, విరిగిన బోల్టు ముక్కల్నీ వెతికి తెచ్చాను. భూతద్దంతో చూశాను. గీత లేని ఆ నట్టు ఎక్కే బోల్టు విరిగిన ముఖం మూడింట రెండు వంతులు తుప్పుతో నల్లగా ఉంది. ఆ నలుపులో ఆల్చిప్ప వీపు మీద ఉండే వంకర గీతల్లాంటి సన్నని రేఖలు. మిగిలిన వంతు మాత్రమే కొత్తగా మెరుస్తోంది. అంటే ఆ పగులు ఒక్క రోజున వచ్చింది కాదు. లోపల వారాల తరబడి కొద్దికొద్దిగా పాకుతూ వచ్చింది. దానికి రెండు పక్కలా ఉన్న బోల్టులు మెడ దగ్గర సాగి సన్నబడ్డాయి. అవి నా గొట్టానికి సాగినవి. ఖాసిం వాటిని అరచేతిలో తిప్పి చూసి, నా చేతిలో పెట్టాడు.

ఆ పగులు నట్టు కింద, మర లోపల ఉంది. బయటి నుంచి కనపడదు. నట్టు విప్పినా, బోల్టును ఊడదీసి దీపం కింద తిప్పితే తప్ప తెలియదు. ఎవరో దొంగ తాళంచెవి చేయించి, బూడిదలో అడుగు పడకుండా నడిచే ఉపాయం కనిపెట్టి, నన్ను ఆటపట్టించడానికి ప్రతి వారం సున్నం గీశారని నేను ఒప్పుకోగలను. కష్టం మీదనైనా ఒప్పుకోగలను. ఇరవై నట్లలో పగిలిన బోల్టు మీది నట్టును ఏరి, దానికి మాత్రమే గీత పెట్టకుండా మూడు వారాలు వదిలినవారు ఆ పగులును ఎలా చూశారో నాకు తెలియదు.

కొత్త బోల్టులు వేయించాక కారు మరో రెండేళ్ళు మా దగ్గర ఉంది. ప్రతి ఆదివారం చక్రాలు చూశాను. గొట్టం లేని పానాతో, వేళ్ళతో, చూడటం వరకే చూశాను. గీతలు మళ్ళీ రాలేదు.

అక్కయ్య మణికట్టు సరిగా అతకలేదు. జ్వరాలకు మందులిచ్చేది, పిల్లలకు సూదులు వేసేది. కాన్పుకు మాత్రం ఆ చెయ్యి పనికిరాలేదు. కష్టమైన కేసులను గుంటూరు పంపేది; అవి బస్సులో వెళ్ళేవి, కొన్ని చేరేవి.

ప్రమాదమైన వారానికి, గుంటూరు ఆసుపత్రిలో, చేతికి పట్టీతో పడుకుని ఆమె నన్ను అడిగింది. ఎప్పుడూ లెక్క అడగని మనిషి ఆ రోజు అడిగింది.

"ఆ పొద్దున నువ్వు తుడవక ముందు, ఇరవై ఉన్నాయా?"

"ఇరవై ఉన్నాయి అక్కయ్యా."

"సరేలే. అయితే నీ తప్పేం లేదురా," అన్నది. బాగున్న చెయ్యి చాపి నా తల నిమిరింది.

ఆమె పోయి ఇప్పటికి చాలా ఏళ్ళయింది. ఆ తరవాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ గీతలు గీసింది ఎవరో, ఒక్కటి గీయకుండా వదిలింది ఎందుకో నేను ఈనాటికీ చెప్పలేను. చెప్పగలిగిన సంగతి ఒక్కటే. మూడు ఆదివారాలు ఎవరో నాకు చూపించారు. నేను చూశాను, లెక్కపెట్టాను, ఆమెను బండి ఎక్కమన్నాను.